గొలుసు రంపముల కోతబలమును పోల్చి చూచు విధము

సరుగుడు, సుబాబులు, జామాయిలు తోటలు వేసిన రైతునకు నాలుగేండ్లు పెట్టిన పెట్టుబడి యంతయు కోత దినములలో గాని చేతికి రాదు. ఆ కొలది దినములలో కూలి యెంతైనది, లారీ గట్టుమీద నెంతసేపు నిలిచినది, నరికిన మొదళ్లనుండి మరల పిలకలు వచ్చునా రావా యనునవే లాభనష్టములను తేల్చును. పూర్వము గొడ్డలితోను, ఇద్దరు పట్టి లాగు పెద్ద రంపముతోను జరిగిన యీ పని యిప్పుడు చాలవరకు గొలుసు రంపముతో జరుగుచున్నది. మన గ్రామములలో దీనిని కట్టింగు మిషను అనియు, రంపపు మిషను అనియు పిలుచుచున్నారు. అద్దెకు తెచ్చుకొనుటకంటె సంఘము పక్షముననే కొని సభ్యులకు వంతులవారీగా నిచ్చుట మేలని పలువురు కోరుచున్నారు. కొనినచో నన్నిటికంటె పెద్దదానినే కొనవలెనని కొందరును, చౌకగా దొరకువానిని నాలుగు కొనవలెనని కొందరును వాదించుచున్నారు. ఏ రంపము బాగుగా కోయునన్న ప్రశ్నకు అంగడివాడు చెప్పు జవాబొకటి, కాగితము చెప్పు జవాబొకటి, దుంగ చెప్పు జవాబొకటి. ఈ పాఠమున దుంగను అడుగు విధమును తెలుపుచున్నాము.

రంపము కోయుట యెట్లు?

యంత్రమును పోల్చుటకు ముందు అది చేయు పని యేదో తెలియవలెను. పెట్రోలుతో నడచు చిన్న రెండు స్ట్రోకుల ఇంజను క్లచ్చి ద్వారా ఒక పళ్లచక్రమును త్రిప్పును. ఆ చక్రము గొలుసును లాగును. గొలుసు బారు అను ఉక్కు పట్టె చుట్టును గాడిలో పరుగెత్తును. గొలుసునందు కుడివైపునకు ఒక పన్ను, ఎడమవైపునకు ఒక పన్ను చొప్పున కత్తులవంటి పళ్లు వరుసగా నుండును. ప్రతి పంటికి ముందు ఒక చిన్న మెట్ట యుండును. ఆ మెట్ట పంటి అంచుకంటె కొంచెము, అనగా సుమారు 0.65 మిల్లీమీటరు పల్లముగా నుండును. పన్ను ఒక్క సారి ఎంత లోతు కొరుకవలెనో నిర్ణయించునది యీ మెట్టయే. ఇంజను ఎంత బలమైనదైనను మెట్ట యనుమతించిన దానికంటె ఎక్కువ చెక్కు పన్ను ఎత్తజాలదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్నచో ముందు చెప్పబోవునది సులభముగా బోధపడును.

ఈ పన్ను పుట్టిన కథ మన రైతులకు వినోదముగా నుండును. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటు రంపమును, ఎమిల్ లెర్ప్ 1927లో పెట్రోలు రంపమును సిద్ధపరచిరి. లెర్ప్ తన రంపమును పరీక్షించిన కొండ పేరు డోల్మార్. ఆ పేరే తరువాత కంపెనీకి వచ్చినది. ఆ కాలపు రంపములు ఇద్దరు మనుష్యులు మోయవలసినంత బరువు. గొలుసు పళ్లు చేతి రంపపు పళ్లవలె కఱ్ఱను గీచుచు పోవుటచే మాటిమాటికి ఆకురాయి పట్టవలసి వచ్చెడిది. అమెరికాలోని ఆరెగాన్ ప్రాంతమున జోసెఫ్ కాక్స్ అను కలప పనివాడు, కఱ్ఱను తొలుచు పెంకు పురుగు యొక్క పిల్లపురుగు తన దవడలతో కుడికి, ఎడమకు కొరుకుచు కఱ్ఱ నారకు అడ్డముగాను, వెంటను గూడ సులభముగా సాగిపోవుట గమనించి, ఆ దవడల పోలికతో కుడి పన్ను, ఎడమ పన్ను గల గొలుసును కల్పించి 1947లో వ్యాపారము ప్రారంభించెను. నేడు లోకమందంతటను వాడు గొలుసులు ఆ వంశమునకు చెందినవే. మామిడి కాండమును తొలుచు పురుగును మనము శపించుచుందుము గాని, దాని చుట్టమొకటి ఇంతటి యుపకారము చేసినది.

కాగితముపై నుండు అంకెలు

వృత్తి పనివారికై చేసిన రంపముల వివరములలో ముఖ్యముగా మూడంకెలుండును: ఇంజను పరిమాణము సి.సి.లలో, బలము కిలోవాట్లలో, బారు గొలుసులు లేని బరువు కిలోలలో. ఒక కిలోవాటు సుమారు ఒకటింబావు అశ్వశక్తికంటె కొంచె మెక్కువ. కొన్ని పేరుగల రంపముల అంకెలను చూడుడు. స్టీల్ ఎం.ఎస్. 261 యొక్క పరిమాణము 50.2 సి.సి., బలము 3.0 కిలోవాట్లు, బరువు 4.9 కిలోలు. హస్క్‌వర్నా 572 ఎక్స్.పి. యొక్క పరిమాణము 70.6 సి.సి., బలము 4.3 కిలోవాట్లు, బరువు 6.6 కిలోలు. స్టీల్ ఎం.ఎస్. 462 పరిమాణము 72.2 సి.సి., బలము 4.4, బరువు 6.0. కార్బురేటరు లేక ఇంధనమును సూదిమందువలె లోనికి పంపు ఎం.ఎస్. 500ఐ అనునది 79.2 సి.సి., 5.0 కిలోవాట్లు, 6.2 కిలోలు. మిక్కిలి పెద్ద మ్రాకులకై చేసిన ఎం.ఎస్. 661 అనునది 91.1 సి.సి., 5.4 కిలోవాట్లు, 7.4 కిలోలు.

ఇందులో బలమొక్కటే చూచినచో 661 మొదటిది. కాని బరువును బలముచే భాగించి, ఒక కిలోవాటు బలమునకు ఎన్ని కిలోలు మోయవలెనో చూడుడు. 500ఐకి 1.24 కిలోలు, 462కు 1.36, 661కి 1.37, 572కు 1.53, 261కి 1.63. అనగా చిన్న రంపము తేలికగా నున్నను బలము చొప్పున లెక్కించిన బరువైనదే. అయినను చేతులు మోయునది భాగహారమును గాదు, మొత్తము బరువును! ఉదయమునుండి సాయంకాలమువరకు సరుగుడు కొమ్మలు కొట్టువానికి 4.9 కిలోలకును 6.2 కిలోలకును గల భేదము మధ్యాహ్నమునకే భుజములకు తెలియును.

అంగళ్లలో పేరూ ఊరూ తెలియని రంపములు 58 సి.సి. అను చీటీతో మిక్కిలి చౌకగా నమ్ముచున్నారు. చీటీని నమ్మనక్కరలేదు. ఇంజను సిలిండరు అడ్డుకొలతను, పిస్టను పైకి క్రిందికి నడచు దూరమును తెలిసికొన్నచో పరిమాణమును మనమే లెక్కింపవచ్చును. అడ్డుకొలతను అదే అంకెతో హెచ్చించి, దానిని 0.7854తో హెచ్చించి, పిస్టను నడక దూరముతో హెచ్చింపవలెను. ఎం.ఎస్. 261నకు అడ్డుకొలత 4.47 సెంటీమీటర్లు, నడక 3.2 సెంటీమీటర్లు. 4.47ను 4.47తో హెచ్చింపగా సుమారు 19.98, దానిని 0.7854తోను, 3.2తోను హెచ్చింపగా 50.2 వచ్చును. చీటీలోని యంకెయు, లెక్కలోని యంకెయు సరిపోయినవి. సరిపోనిచోట అంగడివానిని కారణ మడుగుడు. కారణము చెప్పలేనివాని వద్ద సంఘపు ధనము పెట్టవలదు.

ఇక చప్పుడు సంగతి. అమ్మువాడు రంపమును గాలిలో పట్టుకొని పూర్తిగా రేజు చేసి వినిపించును. చుట్టు నున్నవారు బలమైన రంపమని తలలూపుదురు. గాలిలో తిరుగునపుడు మంచి రంపము నిమిషమునకు 13,000 మొదలు 14,000 చుట్లు తిరుగును. కఱ్ఱలో దిగగానే ఆ వేగము తగ్గును. ఇంజను తన పూర్తి బలమును చూపునది 10,000 చుట్లకు దగ్గరనే. కావున గాలిలోని కేక కోతకు సాక్ష్యము గాదు.

గొలుసు నడచు వేగమును గూడ లెక్కించి చూతము. ఎనిమిదింట మూడు అంగుళముల పిచ్చి గల గొలుసునకు ఏడు పళ్ల చక్రము ఒక్క చుట్టునకు 5.25 అంగుళములు, అనగా 13.3 సెంటీమీటర్ల గొలుసును లాగును. నిమిషమునకు 10,000 చుట్లైనచో సెకనుకు సుమారు 22 మీటర్లు. ఎనిమిది పళ్ల చక్రము వేసినచో సెకనుకు 25 మీటర్లు దాటును. అట్లైన అందరును ఎనిమిది పళ్ల చక్రమే యేల వేయరాదు? వేగము హెచ్చిన కొలది లాగు పట్టు తగ్గును. సన్నకఱ్ఱలో మేలుగా నుండి, లావు దుంగలో ఇంజను ముక్కును. బండికి చిన్న యెడ్లను కట్టి పరుగెత్తించుటకును, బురదలో దిగబడినపుడు ఆ యెడ్లనే అదలించుటకును గల భేదమే యిది.

ఇంకొక లెక్క. పైన చెప్పిన పిచ్చి గల సాధారణపు గొలుసులో పంటికిని పంటికిని నడుమ సుమారు 38 మిల్లీమీటర్ల దూరముండును. 15 సెంటీమీటర్ల సరుగుడు మానులో ఒకేసారి నాలుగు పళ్లు మాత్రమే పని చేయును. 60 సెంటీమీటర్ల చింత మొద్దులో పదునైదు, పదునారు పళ్లు పని చేయును. నాలుగు పళ్లను లాగుటకు 50 సి.సి. ఇంజను చాలును, అక్కడ 79 సి.సి. ఇంజను తన బలములో చాలభాగమును ఊరక మోయించును. పదునారు పళ్లు ఒకేసారి కొరుకునపుడు చిన్న ఇంజను వేగము పడిపోవును, క్లచ్చి కాలును, పనివాడు బలముగా నదుమును. పెద్ద రంపము గెలుచునది అచ్చట. ఎట్టి చెట్టు కోయవలెనో చెప్పక ఏ రంపము మంచిదని యడుగుట, ఏ పొలమో చెప్పక ఏ విత్తనము మంచిదని యడుగుటవంటిది.

పరీక్ష చేయు క్రమము

రెండు రంపములను న్యాయముగా పోల్చవలెనన్న కఱ్ఱ ఒకటిగా నుండవలెను. గుండ్రని దుంగ పనికిరాదు. మొదట సన్నగాను, నడుమ వెడల్పుగాను కోత సాగుటచేతను, మొదలు చివర లావు వేరగుటచేతను లెక్క తప్పును. కోత మిల్లులో 25 సెంటీమీటర్ల చదరముగా కోయించిన పొడుగు దిమ్మె నొకదానిని తెప్పింపవలెను. బుడిపెలు, మేకులు లేనిదై యుండవలెను. దాని కోత ముఖము 625 చదరపు సెంటీమీటర్లు.

రెండు రంపములకును ఒకే పొడుగు బారు, ఒకే రకపు క్రొత్త గొలుసు ఉండవలెను. ఒకదానికి పెట్టెలోనుండి తీసిన గొలుసు, మరియొకదానికి వారము వాడిన గొలుసు ఉన్నచో పోల్చినది ఇంజనులను గాదు, గొలుసులను. ఇంజనుల వయస్సు గూడ చూడవలెను. క్రొత్త ఇంజను పది పదునైదు ట్యాంకుల ఇంధనము కాలువరకు తన పూర్తి బలమును చూపదు. గాలి వడపోత గుడ్డ శుభ్రముగా నుండవలెను. సరుగుడు బెరడు పొడి పట్టిన వడపోత మంచి రంపమునైనను ముసలిదానిగా చేయును.

ఒకే మనిషి రెండింటితోను కోయవలెను. రంపమును పూర్తి వేగమునకు తెచ్చి గొలుసు కఱ్ఱను తాకినప్పుడు సెల్ ఫోనులోని గడియారమును ప్రారంభించి, బిళ్ల తెగి పడగానే ఆపవలెను. చేతితో నదుమరాదు, రంపమును తన బరువుతోనే దిగనీయవలెను. మొదటి రంపముతో ఒక కోత, రెండవదానితో రెండు, మరల మొదటిదానితో ఒకటి, ఈ వరుసలో కోసినచో దిమ్మెలో ఒకవైపు గట్టిగాను ఒకవైపు మెత్తగాను ఉన్నను ఆ భేదము ఇద్దరికిని సమముగా పంచబడును. ఒక్కొక్క రంపమునకు ఆరు కోతలకు తక్కువ గాకుండ కోసి, అన్నిటిని కాగితముమీద వ్రాసి సగటు తీయవలెను. మంచిది వచ్చినదాని నుంచుకొని చెడ్డదానిని కొట్టివేయుట అంగడివాని లెక్క గాని రైతు లెక్క గాదు.

ఉదాహరణమునకు మొదటి రంపపు సగటు 8 సెకనులు, రెండవదాని సగటు 10 సెకనులు అనుకొందము. 625ను 8చే భాగింపగా సెకనుకు 78 చదరపు సెంటీమీటర్లు; 10చే భాగింపగా 62½. మొదటిది నాలుగింట ఒక వంతు ఎక్కువ కోయుచున్నదని తేలును. ఇక్కడ ఆగరాదు. గొలుసులను తారుమారు చేసి మరల కోయవలెను. మొదటి రంపమే మరల గెలిచినచో గెలుపు ఇంజనుది. గెలుపు గొలుసును వెంబడించి రెండవ రంపమునకు పోయినచో మొదట మనము మెచ్చుకొన్నది ఇంజనును గాదు. ఈ తారుమారు చేయని పరీక్షను నేను పరీక్షగా నెంచను.

తరువాత ఇంధనము. రెండు ట్యాంకులను మూతివరకు నింపి, చెరి ఇరువది కోతలు కోసి, మరల మూతివరకు నింపుటకు ఎన్ని మిల్లీలీటర్లు పట్టినదో కొలత గ్లాసుతో చూడుడు. కోసిన చదరపు సెంటీమీటర్లను ఆ మిల్లీలీటర్లచే భాగించిన ఇంధనపు ఆదాయము తెలియును. ఈ కాలపు ఇంజనులు పాతవానికంటె ఇంధనమును నూటికి ఇరువది వంతులవరకు ఆదాచేయునని తయారు చేయువారు చెప్పుచున్నారు. మన గ్లాసు చెప్పునది మనకు ముఖ్యము.

రెండు సెకనుల విలువ యెంత?

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. పై యుదాహరణములో రెండు మంచి రంపములకు భేదము కోతకు రెండు సెకనులు. దినమునకు 200 కోతలు కోసినచో మొత్తము భేదము 400 సెకనులు, అనగా ఏడు నిమిషములు నిండవు. దినములో పనివాడు నడచుట, చెట్టు చుట్టు పొదలు కొట్టుట, కొమ్మలు తొలగించుట, దుంగలు పేర్చుట, ఇంధనము పోయుట వీనికే చాలకాలము పోవును. గొలుసు కఱ్ఱలో నుండు కాలము స్వల్పము. ఏడు నిమిషములకై ఎంత అధికముగా ధర పెట్టవచ్చునో సభ్యులే యోచింపవలెను.

అదే రంపమునకు గొలుసు మొద్దువారి, 8 సెకనుల కోత 16 సెకనులైనదనుకొనుడు. 200 కోతలకు 1,600 సెకనులు, అనగా ఇరువదియారు నిమిషములు దాటి నష్టము. ఇంధనమును గూడ నించుమించు రెండింతలు త్రాగును. మొద్దుపన్ను చెక్కు తీయక కఱ్ఱను రాచును, బారు కాలును, పనివాడు భుజముతో నదుమును, నదిమినపుడే రంపము జారును. కంపెనీ భేదమును గూర్చి అరుగుమీద గంటసేపు వాదించు మనము, పది నిమిషముల ఆకురాయి పనిని మాత్రము రేపటికి వాయిదా వేయుచున్నాము.

గొలుసు పదును తెలిసికొనుటకు రంపపు పొట్టును చూచిన చాలును. పదునైన గొలుసు దళసరి చెక్కులను చిమ్మును. మొద్దుగొలుసు పిండివంటి పొడిని రాల్చును. ఒకవైపు పళ్లు మాత్రమే మొద్దువారినచో కోత వంకరగా పోవును. ఎనిమిదింట మూడు అంగుళముల వృత్తి గొలుసునకు 5.2 లేక 5.5 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, 0.325 పిచ్చి గొలుసునకు 4.8 మిల్లీమీటర్లది, చిన్న రంపములకు వచ్చు సన్న గొలుసునకు 4 మిల్లీమీటర్లది వాడవలెను. సాధారణముగా 30 డిగ్రీల వాలున, లోపలనుండి బయటికి మాత్రమే త్రోయుచు, ప్రతి పంటికి సమానముగా రెండు మూడు తోపు లీయవలెను. పలుమార్లు సానపట్టిన పిమ్మట పంటి ముందరి మెట్టను గూడ బల్లపరుపు ఆకురాయితో తగ్గింపవలెను. దానికి గేజి పలక యొకటి అమ్ముదురు. ఊహచే తగ్గించువారు మెట్టను మిక్కిలి పల్లముచేసి రంపమును గుఱ్ఱమువలె ఎగిరించుచున్నారు.

పంటి ఆకారములో రెండు జాతులున్నవి. మూల చదరముగా తెగినట్లున్న పన్ను శుభ్రమైన పచ్చికఱ్ఱలో వేగముగా కోయును, కాని మన్ను తగిలిన వెంటనే మొద్దువారును. మూల గుండ్రముగా నున్న పన్ను కొంచెము మెల్లగా కోసినను, ఇసుక తగిలినను, ఎండుకఱ్ఱయైనను ఎక్కువసేపు నిలుచును. సముద్రపు ఒడ్డున ఇసుకనేలలో సరుగుడు నేలమట్టముగా కోయువారికి గుండ్రపు మూలదే తగినది. పరీక్షలో చదరపు మూలది గెలిచినదని దానిని కొనినచో తోటలో ఓడును. తాడి, కొబ్బరి మ్రాకుల పైపొర మిక్కిలి గట్టిది. వానిని కోయునాడు రెండవ గొలుసు నొకదానిని సంచిలో వేసికొని పోవలెను.

పట్టినవాని నేర్పు

స్టీల్ కంపెనీవారు 1985 నుండి కలపకోత పందెములను నడుపుచున్నారు. అందు ఒక పందెములో అందరికిని ఒకే రకపు రంపము, అనగా పైన చెప్పిన ఎం.ఎస్. 661, ఇత్తురు. 40 సెంటీమీటర్ల దుంగనుండి ఒక బిళ్లను పైనుండి క్రిందికిని, ఒక బిళ్లను క్రిందినుండి పైకిని కోయవలెను. రంపమొక్కటియే యైనను ఒకడు గెలుచును, మరియొకడు ఓడును. మరియొక పందెములో ఎవరి ఇంజనును వారు తమ యిచ్చవచ్చినట్లు మార్చుకొని తెత్తురు. అవి మూడు నాలుగు బిళ్లలు కోయుటకే గాని తోటలో ఒక పూటయైనను పని చేయుటకు గావు. అట్టి రంపముల చిత్రములను సెల్ ఫోనులో చూచి మన కుఱ్ఱవారు తమ రంపములను విప్పి పొగగొట్టమును కత్తిరించుచున్నారని వినుచున్నాము. సంఘపు రంపములకు ఆ చికిత్స యక్కరలేదు.

కోతబలముతోబాటు చేతికి తగులు అదురును గూడ పోల్చవలెను. ఏండ్ల తరబడి అదరు యంత్రమును పట్టినవారికి వ్రేళ్లు తెల్లబడి, తిమ్మిరెక్కి, పిడికిలి పట్టు తప్పు వ్యాధి వచ్చును. వచ్చిన పిమ్మట పూర్తిగా పోవుట దుర్లభము. ఐరోపా దేశములలో 2002 నాటి శాసనము ప్రకారము ఎనిమిది గంటల పనికి అదురు సగటు 2.5 అను కొలత దాటినచో యజమాని జాగ్రత్తలు తీసికొనవలెను, 5 దాటరాదు. మంచి రంపముల వివరముల కాగితములో ఎడమ పిడికి, కుడి పిడికి ఈ కొలతను వేరువేరుగా వ్రాయుదురు. వ్రాయని రంపమును కొనవలదని నా యభిప్రాయము. చౌక రంపములలో స్ప్రింగులకు బదులు గట్టి రబ్బరు ముక్కలుండుటయు, కొన్నింటిలో పిడి నేరుగా ఇంజనునకు బిగింపబడి యుండుటయు చూచితిమి.

బారు ముక్కు పైభాగము ఏ కొమ్మకో తగిలినచో రంపము ఒక్కసారిగా వెనుకకు లేచి పట్టినవాని ముఖమునకు వచ్చును. రెప్పపాటు గూడ ఉండదు. దానికై ముందు పిడికి ఎదుట అడ్డుపలక, గొలుసు నాపు బ్రేకు ఉండును. పరీక్ష ప్రారంభించుటకు ముందే ఆ బ్రేకును పరీక్షింపవలెను. ఆగని రంపము ఎంత వేగముగా కోసినను పోటీలోనికి రానీయరాదు.

తుపాను తరువాత

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటి ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసినది. అంతకు నాలుగేండ్ల ముందు, 2014 అక్టోబరు 12న, హుద్ హుద్ విశాఖపట్టణమున అట్లే చేసినది. అట్టి దినములలో దారి తెరచుటకును, ఇంటిమీద పడిన చెట్టును తీయుటకును గొలుసు రంపమే దిక్కు. అప్పుడు సెకనుల లెక్క పనికిరాదు. మొదటి లాగునకే రంపము ప్రాణము పోసికొనునా, విడిభాగము దగ్గర పట్టణములో దొరకునా యనునవే లెక్క. పెట్రోలులో ఇప్పుడు ఇథనాలు కలిసియుండుటచే అది నీటిని పీల్చును. నూనె కలిపిన ఇంధనమును నెలకంటె నిలువయుంచరాదు. మంచి రెండు స్ట్రోకుల నూనెను లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల చొప్పున, తయారీదారు చెప్పిన ప్రకారము కలుపవలెను.

పడిన చెట్టు నిలిచిన చెట్టుకంటె అపాయకరము. రెండు కొనలును ఆనియుండి నడుమ వ్రేలాడు మాను పైభాగమున నొక్కుకొనియు, క్రిందిభాగమున లాగబడియు నుండును. మొదట పైనుండి మూడవ వంతు మాత్రము కోసి, మిగిలినది క్రిందినుండి పైకి కోయవలెను. ఒక కొనయే ఆనియుండి రెండవ కొన గాలిలో నున్నచో దీనికి విపర్యయము: మొదట క్రిందినుండి మూడవ వంతు, పిమ్మట పైనుండి. ఈ వరుస తప్పినచో బారు బిగుసుకొనును, లేక మాను చీలి కొట్టును. వేరుతో పెల్లగిలిన చెట్టు మానును కోయగానే వేళ్ల ముద్ద మరల గోతిలోనికి లేచి పడును. దాని వెనుక పిల్లలను గాని పశువులను గాని నిలువనీయరాదు.

సంఘము ఏమి కొనవలెను?

మన సభ్యుల తోటలలో అధికభాగము 10 మొదలు 20 సెంటీమీటర్ల లావు గల సరుగుడు, సుబాబులు, జామాయిలే. వానికి 50 సి.సి. వర్గపు వృత్తి రంపములు రెండు, 16 లేక 18 అంగుళముల బారులతో చాలును. మామిడి, చింత, వేప మొద్దులకును, తుపాను పనికిని 70 సి.సి. వర్గపుది ఒకటి, 24 అంగుళముల బారుతో నుండవలెను. 91 సి.సి. రంపము మనకు ఏనుగును కట్టి కవిలె తోలుటవంటిది. బ్యాటరీ రంపములు చప్పుడు తక్కువై, పొగ లేక, కొమ్మల పనికి బాగుగానున్నవి. తోటలో చార్జి పెట్టు వసతి లేనందున ఈ సారికి వానిని విడిచిపెట్టుట మేలు.

కొనునపుడు ధరలో కొంత భాగమును రంపమునకు గాక, కాలి తొడుగులకును, కన్నులకు జాలి గల శిరస్త్రాణమునకును, చెవి మూతలకును ముందుగానే తీసి వేరుగా నుంచవలెను. ఆ కాలి తొడుగులో నుండు పొడుగు దారములు గొలుసు తగిలిన వెంటనే పళ్లచక్రములో చుట్టుకొని రంపము నాపివేయును. పంచె మోకాలిపైకి ఎగగట్టి రంపము పట్టువానికి సంఘపు రంపము ఈయరాదని నిబంధన చేయవలెనని కోరుచున్నాను. కొందరు సభ్యులు దీనిని అతిజాగ్రత్త యందురు. తెగిన కాలునకు వైద్యశాలలో అగు వ్యయమును అద్దె పద్దులో ఎక్కడ వ్రాయవలెనో వారే చెప్పుదురు గాక.

ప్రతి రంపమునకు ఒక పుస్తకముండవలెను. తీసికొనిపోయిన సభ్యుని పేరు, తేదీ, కోసిన చెట్టు జాతి, పోసిన ఇంధనము, గొలుసు పదునుపెట్టినవారి పేరు అందు వ్రాయవలెను. రెండు గొలుసులను మార్చి మార్చి వాడుచు, బారును వారమునకొకసారి తలక్రిందులు చేసి బిగింపవలెను. సొంత తోట గాక యితర వృక్షములను కోయుటకు ముందు 2002వ సంవత్సరపు నీరు, భూమి, వృక్షముల చట్టము ప్రకారము అనుమతి కావలసినదో లేదో విచారించి, ఆ సంగతియు ఆ పుస్తకముననే వ్రాయవలెను.

సుబాబులు, జామాయిలు మొదళ్లను నేలకు జానెడుకంటె తక్కువ ఎత్తున, కొంచెము వాలుగా, నీరు నిలువకుండ కోయవలెను. బెరడు చీలరాదు. మొద్దుగొలుసుతో రాచి కోసిన మొదలు బెరడు లేచి, పిలకలు బలహీనముగా వచ్చును. అందుచే పరీక్ష దినమున చదరపు దిమ్మె పని ముగిసిన పిమ్మట ఒక్కొక్క రంపముతో పది సుబాబులు మొదళ్లను గూడ కోయించి, బెరడు చీలినవెన్నో లెక్కించి, సెకనుల లెక్క ప్రక్కనే వ్రాయవలెను. దిమ్మెను కోయించుటకు మిల్లువాడు మూడు దినములు గడువు అడుగును గనుక, అమ్ముడుదార్లను రమ్మనుటకు ముందే దానికి ఆర్డరు ఈయవలసియున్నది.